రకం పేరు కన్నా ముందు మట్టి లోతు: సైబరాబాద్ చిన్న పచ్చికలపై ఒక అభిప్రాయం

వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారికి ఇటీవలి కాలంలో నగరవాసుల నుంచి తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటి ఉంది. ఇంటి ముందు కొద్దిపాటి స్థలం ఉందని, తక్కువ నీటితో పచ్చగా ఉండే గడ్డి ఏదో చెప్పమని కోకాపేట, నార్సింగి, నల్లగండ్ల, తెల్లాపూర్ ప్రాంతాల విల్లాల వారు, వరుస ఇళ్ల వారు అడుగుతుంటారు. పంటల్లో బెట్టను తట్టుకునే రకాలను సిఫారసు చేయడం మనకు అలవాటు కనుక ఇక్కడ కూడా ఒక గడ్డి పేరు చెప్పి ఊరుకుంటాం. ఆ సమాధానం సరిపోదని నా అభిప్రాయం. చిన్న పచ్చిక విషయంలో గడ్డి రకం అనేది మూడవ ప్రశ్న. ఆ స్థలంలో ఎండ ఎంతసేపు పడుతుందనేది మొదటి ప్రశ్న. వేరు దిగగల మట్టి ఎంత లోతు ఉందనేది రెండవది. ఈ రెండూ తెలుసుకోకుండా రకం సూచించడం భూసార పరీక్ష లేకుండా ఎరువుల మోతాదు సూచించడం వంటిదే.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి నగర పశ్చిమ భాగం ఎంత వేగంగా మారిందో అందరికీ తెలిసినదే. మారనిది అక్కడి నేల. గ్రానైటు రాతిపై ఏర్పడిన ఎర్ర చల్కా నేలలవి. జొన్న, ఆముదం, కంది వంటి వర్షాధార పంటలకు అలవాటుపడిన భూములు. నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ. భూగర్భ జలం రాతి పైనున్న శిథిల పొరలోను, పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. ఏడాదికి సగటున సుమారు 800 మి.మీ. వర్షం కురిసినా, అందులో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబర్ వరకే. మిగిలిన కాలంలో పచ్చిక పచ్చగా ఉండాలంటే నీరు ఎక్కడి నుంచో రావాలి. 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ ప్రాంతంలో ట్యాంకర్లకు ఏర్పడిన గిరాకీ మనకు గుర్తుంది. ప్రైవేటు ట్యాంకర్లలో చాలా భాగం శివారు గ్రామాల బోర్ల వద్ద నిండుతాయి. అందువల్ల విల్లా పచ్చికపై చల్లే నీటికి, శివారులో ఒక కూరగాయల మడికి అందవలసిన నీటికి మధ్య నేరుగా సంబంధం ఉంది. పచ్చికను అలంకార విషయంగా కొట్టివేయలేకపోవడానికి కారణం ఇదే.

ముందుగా లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరుపై ఒక మి.మీ. నీరు అంటే ఒక లీటరు. ఒక ఇంటికి 40 చదరపు మీటర్ల పచ్చిక ఉందనుకుందాం. వేసవిలో ప్రామాణిక బాష్పోత్సేకాన్ని రోజుకు 7 మి.మీ.గా లెక్క సౌలభ్యం కోసం తీసుకుందాం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో వెలువరించిన 56వ నీటిపారుదల పత్రం ఉష్ణకాలపు పచ్చిక గడ్డికి 0.85 పంట గుణకాన్ని సూచించింది. ఆ ప్రకారం రోజుకు దాదాపు 6 మి.మీ., అంటే 238 లీటర్లు. నగరాల్లో ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు అనే ప్రమాణంతో పోల్చితే ఇది ఇద్దరి అవసరానికి కొంచెం తక్కువ. మార్చి, ఏప్రిల్, మే నెలల 92 రోజులకు సుమారు 22 వేల లీటర్లు. అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు రెండింటికి పైమాట. ఇది ఒక్క చుక్క వృథా కాకుండా ఇచ్చినప్పటి లెక్క. మధ్యాహ్నం గొట్టంతో పోసే ఇళ్లలో ఎంత పోతుందో ఊహించవచ్చు.

ఇప్పుడు 'బెట్టను తట్టుకోవడం' అనే మాటను పరిశీలిద్దాం. ఒకే మాట కింద మూడు వేర్వేరు గుణాలను కలిపి వాడుతున్నాం. మొదటిది, తక్కువ నీటిని ఖర్చు చేయడం. రెండవది, లోతైన వేర్లతో కింది పొరల తేమను అందుకుని బెట్టను తప్పించుకోవడం. మూడవది, ఆకు ఎండిపోయినా కణుపులు, భూగర్భ కాండాలు ప్రాణంతో ఉండి, వాన పడగానే తిరిగి చిగురించడం. ఇంటి యజమాని కోరేది మొదటి గుణం. గడ్డి రకాలలో నిజంగా పెద్ద తేడా కనిపించేది రెండవ, మూడవ గుణాలలో. వేర్లు దిగడానికి లోతు లేని చోట రెండవ గుణం పనిచేయదు. గడ్డి గోధుమ రంగుకు మారగానే కంగారుపడి నీరు పెట్టే ఇంట్లో మూడవ గుణానికి అవకాశమే రాదు. ఎంతటి మేలైన రకమైనా ఈ రెండు తలుపులు మూసివేస్తే సాధారణ గడ్డిలాగానే ప్రవర్తిస్తుంది.

మట్టి లోతు ఎంత పని చేస్తుందో మరొక చిన్న లెక్క చెబుతుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర నేలలో మొక్కకు అందే తేమ లోతులో సుమారు పదో వంతు అనుకుందాం. 15 సెం.మీ. మట్టిలో 15 మి.మీ. నీరు నిలుస్తుంది. అందులో సగం తరిగేలోగా తడి ఇవ్వాలనుకుంటే, రోజుకు 6 మి.మీ. ఖర్చులో ఒక రోజుకు కొంచెం ఎక్కువ గడువు మాత్రమే దొరుకుతుంది. అదే మట్టి 45 సెం.మీ. లోతు ఉంటే గడువు నాలుగు రోజులకు చేరువవుతుంది. గడ్డి అదే, ఎండ అదే. తడుల మధ్య ఎడం మూడింతలైంది. రకం మార్చడం ద్వారా ఇంత తేడా తేవడం కష్టం.

వాస్తవంలో కొత్త ఇళ్ల వద్ద జరుగుతున్నది దీనికి విరుద్ధం. నిర్మాణంలో మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, కంకర అక్కడే చదును చేసి, యంత్రాల బరువుతో గట్టిపడిన ఆ పొరపై పది, పదిహేను సెంటీమీటర్ల ఎర్రమట్టి పరచి, దానిపై గడ్డి చాపలు అతికిస్తారు. ఆ చాపలు కడియం వంటి ప్రాంతాల నర్సరీల నుంచి వచ్చినవైతే, వాటితో పాటు గోదావరి ఒండ్రు మట్టి పొర కూడా వస్తుంది. సన్నని రేణువుల మట్టి పైన, ముతక మట్టి కింద ఉన్నప్పుడు, పై పొర పూర్తిగా తడిసేవరకు నీరు కిందికి సులువుగా దిగదు. వేరు కూడా తడి ఉన్న పైపొరలోనే తిరుగుతుంది. అలాంటి పచ్చిక రోజూ నీరు అడిగితే తప్పు గడ్డిది కాదు. చాపను పరిచే ముందు కింది నేలను 30 నుంచి 45 సెం.మీ. లోతు వరకు తవ్వి, పెళ్లలు ఏరివేసి, బాగా మాగిన పశువుల ఎరువు కలపడం, చాపకు అంటి వచ్చిన మట్టిని వీలైనంత కడగడం ఖర్చుతో కూడిన పనులే. కానీ అది ఒకసారి పెట్టే ఖర్చు. ట్యాంకరుది ఏటేటా పెట్టే ఖర్చు. పూడిక తీసిన చెరువు మట్టి నీటి నిలుపుదలను పెంచుతుందని మన రైతులకు తెలుసు. అయితే నగర చెరువుల మట్టిలో మురుగు, పారిశ్రామిక వ్యర్థాల అవశేషాలు ఉండవచ్చు కనుక పరీక్ష చేయించకుండా దానిని సిఫారసు చేయరాదు.

ఎండ విషయంలో వరుస ఇళ్ల అమరిక మరింత నిశితమైన పరిశీలనను కోరుతుంది. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. డిసెంబర్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పది మీటర్ల ఎత్తున్న మూడంతస్తుల ఇల్లు ఉత్తరం వైపు దాదాపు 8.6 మీటర్ల నీడ పరుస్తుంది. మార్చి 21 నాటికి కూడా ఆ నీడ 3 మీటర్లకు పైగానే ఉంటుంది. గోడలు కలిసిపోయిన వరుస ఇళ్లలో, ఇంటికి ఉత్తరాన మూడు మీటర్ల వెడల్పు గల పచ్చికకు సెప్టెంబర్ చివరి నుంచి మార్చి చివరి వరకు నేరుగా ఎండ పడదని దీని అర్థం. ఆరు నెలలు నీడలో పలుచబడిన గడ్డిపై ఏప్రిల్ ఎండ ఒక్కసారిగా పడుతుంది. అప్పుడు ఎండిపోయిన గడ్డిని చూసి బెట్ట వల్ల పోయిందనుకుంటాం. దాని బలం అంతకు ముందే, చలికాలపు నీడలోనే పోయింది. దక్షిణ ముఖం గల ఇంటి పచ్చికకు, ఉత్తర ముఖం గల ఎదురింటి పచ్చికకు ఒకే గడ్డి సిఫారసు చేయడం ఎందుకు కుదరదో దీనితో తెలుస్తుంది.

ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత రకం విషయానికి రావచ్చు. రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ, తగినంత మట్టి లోతు ఉన్న చోట నా మొదటి ఎంపిక గరిక జాతి. సైనోడాన్ డాక్టిలాన్ అని మనం కలుపు మొక్కల పాఠంలో బోధించే గరికే ఇది. లోతైన వేర్లు, నేలపై పాకే కాండాలు, నేలలోపలి కాండాలు మూడూ ఉండటం వల్ల మండు వేసవిలో ఎండిపోయినట్లు కనిపించినా తొలకరికి తిరిగి లేస్తుంది. సన్నని ఆకు, ఒత్తైన అల్లిక కావాలనుకునేవారికి సంకర గరిక రకాలు ఉన్నాయి; అమెరికాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రం నుంచి 1960లో విడుదలైన టిఫ్‌వే 419 ఈ కోవకు చెందినదే. ఇవి వంధ్య రకాలు, విత్తనం కట్టవు. కాండపు ముక్కలతో లేదా చాపలతోనే పెంచాలి. వీటికి కత్తిరింపు, పోషణ ఎక్కువ కావాలన్నది గుర్తుంచుకోవాలి. గరికకు నీడ పనికిరాదు. పూల మడుల్లోకి చొరబడే గుణం కూడా ఉంది కనుక అంచున లోతుగా రాతి పలకలు పాతించాలి.

నాలుగైదు గంటల ఎండ పడే చోట జోయ్సియా జాతి గడ్డి కొంతవరకు నిలుస్తుంది. నెమ్మదిగా పెరుగుతుంది కనుక కత్తిరింపులు తక్కువ. కానీ దెబ్బతింటే కోలుకోవడం కూడా నెమ్మదే. మట్టి లోతు తక్కువైతే గరిక కన్నా ముందే వాడుతుంది. కొరియన్ గడ్డిగా అమ్మే సన్నాకు రకం గుబ్బలు గుబ్బలుగా ఎదుగుతుంది; చూపుకు అందమే గాని పిల్లలు ఆడుకునే పచ్చికకు అనువు కాదు. వెడల్పాటి ఆకు గల ఆక్సోనోపస్ కంప్రెసస్ నీడను బాగా ఓర్చుకుంటుంది, బెట్టను ఓర్చుకోదు. నీడకు మంచిదని దీనిని వేసుకున్నవారు నీటి విషయంలో తృప్తి పడలేరు. మూడు గంటలకు మించి ఎండ పడని చోట గడ్డి వద్దని చెప్పగల ధైర్యం మనకు ఉండాలి. అక్కడ తాండూరు నాపరాళ్లను ఎడం ఎడంగా పరచి మధ్యలో నీడను ఓర్చే మొక్కలు పెట్టుకోవడం మేలు. వాన నీరు ఇంకడానికి దారి కూడా దొరుకుతుంది. దానికి బదులు ప్లాస్టిక్ గడ్డి పరచుకోవడం మే నెల ఎండలో కాలు మోపలేని స్థలాన్ని సృష్టించుకోవడమే అవుతుంది.

పేర్ల గందరగోళం కూడా చిన్నది కాదు. 'బఫెలో గ్రాస్' అన్న ఒకే పేరు కనీసం మూడు జాతులకు వాడుకలో ఉంది. అమెరికా మైదానాల్లో బెట్టకు పేరుపడిన బుక్లో డాక్టిలాయిడిస్ ఒకటి. ఆస్ట్రేలియాలో ఆ పేరుతో పిలిచే స్టెనోటాఫ్రమ్ రెండవది. మన నర్సరీలలో ఆ పేరుతో దొరికే ఆక్సోనోపస్ మూడవది. విదేశీ వ్యాసం చదివి మొదటిదాని గుణాలు ఆశించి, ఇక్కడ మూడవదాన్ని కొనుక్కునేవారి నష్టం ఊహించదగినదే. అలాగే విదేశాల్లో కొంతకాలం ఉండి వచ్చినవారు కోరే కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ వంటివి శీతల మండలపు గడ్డి జాతులు. హైదరాబాద్ వేసవిలో వాటిని బతికించడానికి ఎంత నీరు పోసినా చాలదు. విస్తరణ కార్యకర్తలు గడ్డిని వ్యవహార నామంతో కాక శాస్త్రీయ నామంతో, వీలైతే ఆకు, కాండం నమూనా చూపి సిఫారసు చేయడం అవసరం.

నీటి మూలం గురించి ఒక మాట. గేటెడ్ సముదాయాలలో శుద్ధి చేసిన మురుగునీటిని పచ్చికకు వాడటం స్వాగతించదగినది. దానిలోని లవణాలను గరిక బాగానే తట్టుకుంటుంది. అయితే వేసవి అంతా ఈ నీరే పారించినప్పుడు లవణాలు పైపొరలో చేరతాయి కనుక వర్షాకాలంలో అవి కిందికి కొట్టుకుపోయేలా మురుగు పోయే సౌకర్యం ఉండాలి. కఠిన జలాన్ని మృదువుగా మార్చే యంత్రాల నుంచి వెలువడే ఉప్పు నీటిని మాత్రం ఏ గడ్డికీ పెట్టరాదు. అందులోని సోడియం ఎర్ర నేల కట్టును చెడగొట్టి, పైన గట్టి పొర ఏర్పడేలా చేస్తుంది. నీరు ఆదా అవుతుందని భావించి ఈ నీటిని పచ్చికకు మళ్లించేవారికి ఈ తేడా చెప్పవలసిన బాధ్యత మనదే.

నిర్వహణలో రకం కన్నా ఎక్కువ ఫలితమిచ్చే పద్ధతులు మనకు తెలిసినవే. పచ్చికను తొలకరితో వేయాలి. ఇంటి తాళాలు ఇచ్చే తేదీని బట్టి మార్చిలో వేయరాదు. పక్కనున్న దారి మట్టం కన్నా పచ్చికను ఐదారు సెంటీమీటర్లు దిగువన ఉంచితే వాన నీరు బయటికి పోకుండా ఇంకుతుంది. వేసవిలో గరికను కొంచెం ఎత్తుగా, 4 నుంచి 5 సెం.మీ. వద్ద కత్తిరించాలి, ఒక్కసారిలో ఆకులో మూడో వంతుకు మించి తీయరాదు. మార్చి నుంచి మే వరకు నత్రజని ఆపితే నీటి కోరిక తగ్గుతుంది. తడి ఎప్పుడివ్వాలో గడ్డే చెబుతుంది: ఆకు ముడుచుకుని నీలి బూడిద ఛాయకు తిరిగినప్పుడు, నడిచిన అడుగు గుర్తు వెంటనే లేవనప్పుడు, తెల్లవారుజామున లోతుగా ఒక తడి ఇస్తే చాలు. కాలిఫోర్నియాలో ఉష్ణకాలపు పచ్చికలకు ప్రామాణిక బాష్పోత్సేకంలో 60 శాతం నీరు సరిపోతుందని అక్కడి విశ్వవిద్యాలయం సూచిస్తున్నది. మన 40 చదరపు మీటర్ల లెక్కలో ఆ పద్ధతి వేసవికి ఆరు వేల లీటర్లకు పైగా ఆదా చేస్తుంది. ఇది రకం మార్చకుండానే లభించే ఆదా.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. రైతు కోసం ఏర్పడిన విశ్వవిద్యాలయం సంపన్నుల పచ్చికల కోసం కాలం వెచ్చించడం ఎందుకన్నది మొదటిది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ శివారు బోరు నీరు రైతుకూ విల్లాకూ ఉమ్మడి. విల్లా వైపు ఖర్చు తగ్గించే సలహా ఇవ్వగలిగినవారు మౌనం వహిస్తే ఆ లోటును గడ్డి అమ్మేవారి మాట పూరిస్తుంది. పైగా ఆ పచ్చికలను సాకే తోటమాలులు చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. పచ్చదనమే వారి పనికి కొలమానంగా ఉన్నంతకాలం వారు రోజూ నీరు పోయక తప్పదు. వారి పనిని కొలిచే పద్ధతి మారాలంటే ఇంటివారికి శాస్త్రీయ ఆధారం చూపాలి. రెండవ ఆక్షేపణ, గరిక కలుపు కదా అన్నది. పత్తి చేనులో అది కలుపే. అదే గరిక వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మంగా పూజలందుకుంటుంది. మొక్క ఎక్కడ పెరుగుతున్నదన్న దానిని బట్టే కలుపు అవుతుందని మన మొదటి పాఠంలోనే చెబుతాం. ఆ పాఠాన్ని నగరానికి కూడా అన్వయించవలసి ఉంది.

ప్రపంచంలో మరికొన్ని చోట్ల ఈ ప్రశ్న చట్టం దాకా వెళ్లింది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 2021లో చేసిన చట్టం, దక్షిణ నెవాడాలో అలంకారానికే తప్ప ఉపయోగానికి రాని పచ్చికలకు 2026 ముగిసిన తరువాత కొలరాడో నది నీరు ఇవ్వరాదని నిర్దేశించింది. ఒంటరి కుటుంబపు ఇళ్లకు అది వర్తించదు. మనకు అంత వాన లేని ఎడారి పరిస్థితి లేదు. నాలుగు నెలల వర్షాకాలం ఉంది. అయినా ఆ చట్టం లేవనెత్తిన ప్రశ్న మనకూ పనికివస్తుంది: ఈ పచ్చికపై ఎవరైనా కూర్చుంటారా, పిల్లలు ఆడుకుంటారా? లేకుంటే ఆ మేరకు గడ్డి తగ్గించడం ఏ మేలైన రకం కన్నా ఎక్కువ నీటిని ఆదా చేస్తుంది. 40 చదరపు మీటర్లలో 15 మీటర్లు వాడుకునే పచ్చికగా ఉంచి, మిగిలినది తక్కువ నీటి పొదలకు వదిలితే వేసవి ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

యువ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు నా సూచన ఒకటే. ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండు వేసవుల్లో పూర్తి చేయగల ప్రయోగం ఇందులో ఉంది. 15, 30, 45 సెం.మీ. చల్కా మట్టి లోతులు. స్థానిక గరిక, సంకర గరిక, జోయ్సియా, ఆక్సోనోపస్. పూర్తి ఎండ, సగం నీడ. స్ప్లిట్ ప్లాట్ పద్ధతిలో ఇవి చాలు. పచ్చదనానికి మాత్రమే మార్కులు వేయక, తడి ఆపిన ఎన్నో రోజుకు ఆకు ముడుచుకుంది, తొలకరి తరువాత ఎన్ని రోజులకు నేల తిరిగి కప్పుకుంది అన్నవి నమోదు చేయాలి. ఆ ఫలితాలను ఒక పుట సిఫారసు పత్రంగా ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా నర్సరీలకు, నివాస సంఘాలకు, తోటమాలులకు అందించాలి. రోడ్ల వెంట, కార్యాలయ ప్రాంగణాల్లో దశాబ్దాలుగా నీరు లేకుండా బతుకుతున్న స్థానిక గరిక మొక్కలను సేకరించి పరీక్షించడం కూడా ఆ పనిలో భాగం కావాలి. మనకు కావలసిన రకం ఇప్పటికే ఏ రాతి సందునో పెరుగుతూ ఉండవచ్చు.

ఇకపై బెట్టను తట్టుకునే గడ్డి ఏదని ఎవరైనా అడిగినప్పుడు, గడపార తీసుకుని నేల ఎంత లోతు వరకు దిగుతుందో చూడమని, డిసెంబర్‌లో ఒక రోజు గంటగంటకూ నీడ ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టమని, మే నెలలో గడ్డి నెల రోజులు గోధుమ రంగులో ఉంటే సమ్మతమేనా అని ముందుగా అడుగుదాం. ఈ మూడింటికి జవాబు తెచ్చినవారికి రకం పేరు చెప్పడానికి ఒక నిమిషం చాలు.